గురుఋణం – డాక్టర్ జాకిర్ హుస్సేన్ జీవితం

చదువు ముగించుకొని విద్యాలయం వీడే వేళ గురువులకు నమస్కరించి సెలవు తీసుకొనడం మన దేశంలో అనాదిగా వస్తున్న ఆచారం. పూర్వం గురుదక్షిణ ఉండేది. నేడు వీడ్కోలు సభ, పూలమాల, సన్మానపత్రం, అందరూ కలిసి దిగే ఛాయాచిత్రం ఉన్నాయి. వీనిని మేము చులకన చేయబోవడం లేదు. ఈ సంవత్సరం పట్టాలు పుచ్చుకొని వెళుతున్న మేమూ ఆ సభలో పాల్గొంటాము, ఆ మాలలు మేమూ వేస్తాము. కాని చదువు చెప్పిన వారి ఋణం ఎటువంటిది, అది ఏ రూపాన తీరుతుంది, ఒకానొకనాడు ఆ పెద్దల మార్గంతో మన అంతరాత్మ ఏకీభవింపలేకపోతే ఆ ఋణం ఏమవుతుంది అనే ప్రశ్నలకు సభలలో సమాధానం దొరకదు. మా మధ్య ఈ విషయమై చర్చ వచ్చినప్పుడల్లా ఒక మహనీయుని పేరు స్ఫురిస్తూ వచ్చింది. ఆయన మన హైదరాబాదులో పుట్టినవారు, బాల్యంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని గురువుల నీడలో పెరిగినవారు, తనను పెంచిన కళాశాలను ఎదిరించి బయటికి నడచినవారు, ఇరువది ఎనిమిది సంవత్సరాల పిమ్మట ఆ కళాశాలకే తిరిగివచ్చి ఆపత్కాలంలో దానిని ఆదుకొన్నవారు. ఆయనే డాక్టర్ జాకిర్ హుస్సేన్. భారత రాష్ట్రపతిగా ఆయనను ఎరుగనివారు లేరు. విద్యార్థిగా, ఉపాధ్యాయుడుగా ఎరిగినవారు తక్కువ. అందుచేత ఈ వ్యాసంలో రాష్ట్రపతి భవనాన్ని గూర్చి కొద్దిగానూ, పాఠశాలలను గూర్చి విస్తారంగానూ వ్రాస్తున్నాము.

జాకిర్ హుస్సేన్ 1897వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదు నగరంలో జన్మించారు. ఆయన పూర్వులు ఆఫ్రీదీ పఠానులు. ఉత్తర హిందూస్థానంలో ఫరూఖాబాదు జిల్లాకు చెందిన ఖాయింగంజ్ వారి స్వస్థలం. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ బ్రతుకుతెరువు కోసం దక్కనుకు తరలివచ్చి, న్యాయవాద వృత్తిలో ప్రవేశించి అచిరకాలంలోనే ధనమూ కీర్తీ గడించారు. ఆయనకు ఏడుగురు కుమారులు. వారిలో జాకిర్ మూడవవాడు. ఇంట పుస్తకాలకు కొదవ లేదు, చదువు చెప్పడానికి ఇంటికే పంతుళ్ళు వచ్చేవారు. కాని 1907లో తండ్రి నిండు యౌవనంలోనే క్షయవ్యాధితో కన్నుమూశారు. అప్పటికి జాకిర్ వయస్సు పది సంవత్సరాలు. తల్లి నాజ్నీన్ బేగం పిల్లలను వెంటబెట్టుకొని ఖాయింగంజ్ చేరుకొన్నారు. ఆ విధంగా హైదరాబాదుతో ఆ బాలునికి నిత్యసంబంధం తెగిపోయింది. అయినా ఆయన తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ తరువాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులుగా పనిచేసి ఈ గడ్డ ఋణం కొంత తీర్చారని చెప్పుకొనడం మాకు సంతోషం.

తండ్రిలేని ఆ బాలుని ఇటావాలోని ఇస్లామియా హైస్కూలులో చేర్పించారు. ఈ పాఠశాలను గూర్చి కొంత నిదానంగా చెప్పవలసి ఉంది. ఎందుకంటే జాకిర్ హుస్సేన్ తరువాతి జీవితంలో మనం చూచే ప్రతి గుణానికీ బీజం ఇక్కడే పడింది. దీనిని స్థాపించి నడిపినవారు మౌల్వీ బషీరుద్దీన్. ఆయన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఆశయాలను నమ్మినవారు, అల్ బషీర్ అనే పత్రికకు సంపాదకులు. పైసా పైసా కూడబెట్టి పాఠశాల నడిపిన పెద్దమనిషి. ఆయన కాలంలో మన సమాజంలో పాఠశాల పెట్టడమంటే చందా పుస్తకం చంకన పెట్టుకొని ఇల్లిల్లూ తిరగడమే. మా కళాశాల కమిటీ పెద్దలకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు. ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్. వసతిగృహంలో ఐదుపూటలా నమాజు, ముతక బట్ట, సాదా భోజనం, వేళకు లేవడం, వేళకు నిదురించడం. ధనవంతుల బిడ్డ అయినా, బీదవాని బిడ్డ అయినా ఒకే పంక్తి. అల్తాఫ్ హుస్సేన్ గారు పాఠం చెప్పి ఊరుకొనే ఉపాధ్యాయుడు కారు. పిల్లల చేత ఉపన్యాసాలు ఇప్పించేవారు, దేశకాల పరిస్థితులు ఆలోచింపజేసేవారు, తాము ఎట్లా జీవింపవలెనని బోధించేవారో అట్లే జీవించి చూపేవారు. జాకిర్ వక్తృత్వం ఆ ప్రోత్సాహంతోనే వికసించింది.

ఆ రోజులలో టర్కీ మీద యుద్ధాలు సాగుతున్నాయి. మొదట ట్రిపోలీ, పిమ్మట బాల్కన్ రాజ్యాలు. జాకిర్ రైల్వేస్టేషనుకు వెళ్ళి పయొనీర్ పత్రిక తెచ్చి, ఆంగ్లం రాని పట్టణవాసులకు ఆ వార్తలు చదివి వినిపించేవాడు. టర్కీ సహాయనిధికై మసీదులో మాట్లాడి, తన టోపీనే జోలెగా పట్టి చందాలు వసూలు చేశాడు. తరువాత ఇరువది సంవత్సరాలకు పైగా ఆయన జామియా కోసం పట్టిన జోలె మొదట పట్టింది ఇటావాలోనే అని మేము అనుకొంటాము.

1911లో ఖాయింగంజ్‌లో ప్లేగు చెలరేగింది. జాకిర్ ఇటావాలో ఉండగానే ఆ వ్యాధికి తల్లి బలియైపోయారు. బంధువులలో కూడ మరికొందరు పోయారు. పదునాలుగేండ్ల బాలునికి ఇక ఇల్లంటే వసతిగృహమే, తండ్రి అంటే ప్రధానోపాధ్యాయుడే. పెద్దవాడైన పిమ్మట, ఎంతటి పదవిలో ఉన్నా, తన్ను తీర్చిదిద్దిన వానిలో అల్తాఫ్ హుస్సేన్ గారి పేరు ఆయన మరువలేదు.

ఇదే కాలంలో ఆయనకు మరొక గురువు లభించారు. ఆయన ఏ పాఠశాలలోనూ ఉద్యోగి కారు. హసన్ షా అనే సూఫీ. పుస్తకాలే ఆస్తిగా ఊరూరా సంచరిస్తూ, ఎక్కడ అపూర్వమైన గ్రంథం కనబడినా ప్రతి వ్రాసుకొని మోసుకొని తిరిగే విరాగి. సెలవులలో జాకిర్ ఇంటికి వచ్చినప్పుడు ఆయన ఈ బాలునికి కొన్ని గ్రంథాలు ఇచ్చి ప్రతులు వ్రాయమనేవారు. గంటల తరబడి కూర్చుండి ఇతరుల మాటలను ఒక్క అక్షరం తప్పకుండా ఎత్తివ్రాయడం పిల్లవానికి ఎంత విసుగు పుట్టించే పనో మేము ఊహింపగలము. కాని పుస్తకమంటే భక్తి, చేతిపని అంటే శ్రద్ధ ఆ విధంగా అలవడ్డాయి. ఈ అలవాటు బెర్లిను నగరంలో ఎట్లా ఫలించిందో ముందు చెబుతాము.

1913లో జాకిర్ అలీగఢ్ మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. వైద్యుడు కావలెనని ఆయన మొదటి కోరిక. అందుకై విజ్ఞానశాస్త్రం తీసుకొన్నారు, లక్నోకు కూడ వెళ్ళారు, కాని అనారోగ్యం అడ్డుపడి ఆ ప్రయత్నం విరమింపజేసింది. మరల అలీగఢ్ వచ్చి తత్త్వశాస్త్రం, ఆంగ్ల సాహిత్యం, అర్థశాస్త్రం చదివి 1918లో పట్టభద్రులయ్యారు. ఆ పిమ్మట ఎం.ఏ.లో అర్థశాస్త్రమూ, దానితోపాటు న్యాయశాస్త్రమూ చదువుతూ, కళాశాలలోనే ఉపన్యాసకుడుగా కొంత బోధన కూడ చేసేవారు. సహాధ్యాయులు ఆయనను ముర్షిద్ అని పిలిచేవారు. ముర్షిద్ అంటే ఆధ్యాత్మిక గురువు. పరిహాసంగా పుట్టిన ఆ పేరులో గౌరవమే ఎక్కువగా ఉండేది. ఉర్దూ సాహిత్యంలో హాస్య రచయితగా ప్రసిద్ధి చెందిన రషీద్ అహ్మద్ సిద్దీఖీ ఆయనకు అలీగఢ్ మిత్రులు. ఆ స్నేహం కడవరకూ నిలిచింది. మా సంచిక ఉర్దూ విభాగపు మిత్రులకు ఆ రచనలు సుపరిచితాలే.

ఇప్పుడు 1920వ సంవత్సరానికి వస్తున్నాము. ఖిలాఫత్, సహాయ నిరాకరణ ఉద్యమాలు దేశాన్ని ఊపివేస్తున్నాయి. అలీగఢ్ కళాశాల అప్పుడే విశ్వవిద్యాలయంగా మారబోతున్నది. దానికై పెద్దలు సంవత్సరాల తరబడి శ్రమించారు, అందుకు సంబంధించిన శాసనం కూడ ఆ సెప్టెంబరులోనే వెలువడింది. సరిగా ఆ సమయంలో, అక్టోబరు 12వ తేదీన, గాంధీజీ, అలీ సోదరులు కళాశాలకు వచ్చి ప్రభుత్వ ధనసహాయాన్ని త్యజింపవలసినదిగా విద్యార్థులనూ అధికారులనూ కోరారు. ఆనాడు జాకిర్ హుస్సేన్ సభలో లేరు. చికిత్స నిమిత్తమై డాక్టర్ అన్సారీని చూడడానికి ఢిల్లీ వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి కొందరు విద్యార్థులు ఆ మహానాయకులను ఎగతాళి చేస్తూ మాట్లాడుకొంటున్నారు. అది ఆయన హృదయాన్ని గాయపరచింది. పెద్దలు చెప్పినదానితో ఏకీభవింపకపోవడం ఒకటి, వారిని అపహసించడం వేరొకటి అని ఆయనకు తోచింది. ఆ దినాలలోనే ఆయన ఒక నిర్ణయానికి వచ్చారు.

ఆ నిర్ణయం సులభమైనది కాదు. తల్లిదండ్రులు లేని యువకునికి ఆశ్రయమిచ్చినది ఆ కళాశాల. అక్కడ విద్య, అక్కడ స్నేహం, అక్కడే ఉద్యోగం, ముందు ఎంతో ఉన్నతి. కళాశాల ట్రస్టీలు ప్రభుత్వ సహాయాన్ని వదులుకోవడానికి అంగీకరింపలేదు. వారు దుర్మార్గులు కారు. సర్ సయ్యద్ నాటిన మొక్క ఎండిపోతుందేమోనన్న భయం వారిది. ఆ భయాన్ని మేము తేలికగా చూడలేము. మైనారిటీ విద్యాసంస్థను నడిపే ప్రతి కమిటీకీ ఏదో ఒకనాడు ఆ భయం కలుగుతూనే ఉంటుంది. జాకిర్ హుస్సేన్ కూడ దానిని అర్థం చేసుకొన్నారని మా నమ్మకం. కనుకనే ఆయన పాతదానిని పడగొట్టడానికి కాక, క్రొత్తదానిని నిలబెట్టడానికి పూనుకొన్నారు. విద్యార్థులను బయటికి రమ్మని పిలిచి వారిని వీధులలో వదలివేయడం ధర్మం కాదనీ, వచ్చినవారికి చదువు చెప్పే జాతీయ విద్యాలయం ఒకటి ఉండవలెననీ భావించి, కొందరు మిత్రులతో కలిసి ఢిల్లీ వెళ్ళి హకీం అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ, మౌలానా మహమ్మద్ అలీ మొదలైన నాయకులతో మాట్లాడారు. 1920 అక్టోబరు 29వ తేదీన అలీగఢ్ కళాశాల మసీదులోనే మౌలానా మహమూద్ హసన్ చేతులమీదుగా జామియా మిల్లియా ఇస్లామియాకు ప్రారంభోత్సవం జరిగింది. ఏ కళాశాలను విడిచివెళుతున్నారో ఆ కళాశాల మసీదులోనే! డేరాలలో, అద్దె ఇళ్ళలో తరగతులు మొదలయ్యాయి. జాకిర్ హుస్సేన్ అక్కడ చదువు చెప్పసాగారు. ప్లేటో రచించిన రిపబ్లిక్ గ్రంథాన్ని ఉర్దూలోకి అనువదించారు.

కృతఘ్నత అని ఆనాడు కొందరు అన్నమాట సహజమే. తన్ను పెంచినవారికి ఎదురు నిలిచినవానికి ఆ నింద తప్పదు. ఆ నింద నిజమా కాదా అన్నది 1948 వరకూ తేలలేదు.

ఉన్నత విద్యకై ఆయన జర్మనీ వెళ్ళి బెర్లిను విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్ర పండితుడు వెర్నర్ సోంబార్ట్ వద్ద పరిశోధన చేసి, బ్రిటిష్ ఇండియా వ్యవసాయ ఆర్థిక వ్యవస్థను గూర్చి సిద్ధాంత గ్రంథం సమర్పించి, 1926లో డాక్టరు పట్టా పొందారు. అక్కడ ఆయనను విశేషంగా ఆకర్షించినవాడు పనిద్వారా విద్య అన్న సిద్ధాంతాన్ని ప్రచారం చేసిన విద్యావేత్త కెర్షెన్‌స్టైనర్. ఇక బెర్లినులోని కావియానీ ముద్రణాలయంలో గాలిబ్ దివాన్ ముద్రణ జరిగిన వృత్తాంతం ముచ్చటైనది. ఆ పని ముందుకు సాగవలెనని జాకిర్ హుస్సేన్ స్వయంగా టైపు అక్షరాలు పేర్చారు. సూఫీ హసన్ షా వద్ద ప్రతులు వ్రాసిన బాలుడు ఇక్కడ సీసపు అక్షరాలు పేర్చి మహాకవికి అందమైన చిన్న గ్రంథరూపం కల్పించాడు.

ఆయన జర్మనీలో ఉండగానే జామియా మూతపడే స్థితికి వచ్చింది. ఖిలాఫత్ ఉద్యమం చల్లారిపోయింది, నిధులు ఎండిపోయాయి. సంస్థను మూసివేయడమే మంచిదని పెద్దలు యోచిస్తున్నట్లు తెలిసి, తానూ తన మిత్రులు కొందరూ జీవితమంతా దానికి అర్పించడానికి సిద్ధంగా ఉన్నామనీ, తాము తిరిగివచ్చేవరకూ మూయవద్దనీ ఆయన వర్తమానం పంపారు. గాంధీజీ సహితం జామియా కోసం భిక్షాపాత్ర పట్టడానికైనా సిద్ధమని ధైర్యం చెప్పారు. 1925లో జామియాను అలీగఢ్ నుండి ఢిల్లీలోని కరోల్ బాగ్‌కు తరలించారు. 1926లో డాక్టర్ జాకిర్ హుస్సేన్, డాక్టర్ ఆబిద్ హుస్సేన్, మహమ్మద్ ముజీబ్ ముగ్గురూ స్వదేశానికి వచ్చి అందులో చేరారు. ఇరువదితొమ్మిదేండ్ల వయస్సులో జాకిర్ హుస్సేన్ షేఖుల్ జామియా, అనగా ఉపకులపతి అయ్యారు.

పదవి పేరు గొప్పదే. ఖజానాలో మాత్రం ఏమీ లేదు. అంతవరకూ సంస్థను మోస్తూ వచ్చిన హకీం అజ్మల్ ఖాన్ 1927 డిసెంబరులో స్వర్గస్థులు కావడంతో చివరి ఆధారం కూడ పోయింది. అప్పుడు, 1928లో, ఉపాధ్యాయులే ఒక సంఘంగా ఏర్పడి సంస్థ భారాన్ని తమ భుజాలకు ఎత్తుకొన్నారు. ఇరువది సంవత్సరాలపాటు జామియాను విడువకుండా సేవ చేస్తామనీ, నెలకు నూట ఏబది రూపాయలకు మించి జీతం తీసుకోబోమనీ ప్రతిజ్ఞ పట్టారు. నూట ఏబది అన్నది పైహద్దు మాత్రమే. అంతకంటె ఎంతో తక్కువతో, అదీ నెలనెలా చేతికి రాకుండానే, కాలం గడిపినవారు వారు. బెర్లినులో డాక్టరు పట్టా పుచ్చుకొన్నవారు ఏ ప్రభుత్వ కళాశాలకు వెళ్ళినా ఎన్నో రెట్లు సంపాదింపగలిగి ఉండేవారు. ఇంటి బాధలన్నీ భార్య షాజహాన్ బేగం మీద పడ్డాయి. ఆమె పేరు చరిత్ర గ్రంథాలలో అరుదుగానే కనబడుతుంది. జామియాకు కృతజ్ఞత చెప్పేవారు ఆ గృహిణికి కూడ చెప్పవలెనని మా అభిప్రాయం.

నెలకొక్క రూపాయి ఇచ్చే సామాన్యులను కూడగట్టి హమ్‌దర్దానే జామియా అనే దాతల బృందాన్ని నిర్మించారు. హైదరాబాదు సంస్థాన ప్రభుత్వం కూడ జామియాకు ధనసహాయం చేసింది. 1935 మార్చి 1వ తేదీన ఓఖ్లాలో క్రొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. ఆ శుభకార్యానికి ఏ నవాబునో ఏ మంత్రినో పిలువలేదు. పాఠశాల విద్యార్థులలో అందరికంటె చిన్నవాడైన ఒక బాలుని చేత పునాదిరాయి వేయించారు. ఈ సంగతి చదివినప్పుడు మాకు కలిగిన ఆనందం ఇంతింత కాదు. సభావేదికలమీద ఆసనాలకై జరిగే తర్జనభర్జనలు ఎరిగినవారికి దాని విలువ తెలుస్తుంది.

చిన్నపిల్లల తరగతులంటే ఆయనకు ప్రాణం. బాలల బ్యాంకు, బాలల దుకాణం, తోట అన్నీ పిల్లలే నడిపేవారు. వారి కోసం ఆయన కథలు వ్రాశారు. వానిలో అబ్బూ ఖాన్ మేకను గూర్చిన కథ ఉర్దూ చదివిన ప్రతి బాలుడూ ఎరిగినదే. కొన్ని కథలను రుఖయ్యా రెహానా అనే పేరుతో ప్రచురించారు. రెహానా ఆయన చిన్నకుమార్తె. ఆ పేరు వెనుక ఒక విషాదం ఉంది. ఒకనాడు ప్రాథమిక పాఠశాల పరీక్షాఫలితాల సందర్భంగా పిల్లలకు ఆయన మిఠాయిలు పంచుతున్నారు. అప్పుడు నౌకరు వచ్చి, జబ్బుగా ఉన్న పాప స్థితి విషమించినదని చెవిలో చెప్పాడు. పంపకం ఆగలేదు. కొంతసేపటికి మరల వచ్చి పాప పోయినదని చెప్పాడు. ఆయన ముఖం వివర్ణమైనదట కాని చేయి ఆగలేదు. సభ ముగిసిన పిమ్మటనే సంగతి అందరికీ తెలిసింది. ఆ పిల్లల సంతోషాన్ని మధ్యలో త్రుంచడానికి ఆయనకు మనస్సు ఒప్పలేదు. ఈ ఘట్టాన్ని గూర్చి మాలో ఏకాభిప్రాయం లేదు. ఇంటికి వెళ్ళి ఉండవలసిందని కొందరమంటాము. తల్లి ఒంటరిగా ఉన్న వేళ తండ్రి రావలసినది నిజమే కదా! అయితే ఆయన ఏ మాపుతో పిల్లలను కొలిచారో ఇందులో స్పష్టమవుతుంది. తన బిడ్డ, జామియా బిడ్డ అన్న భేదం ఆయన మనస్సులో మిగిలి ఉండలేదు.

విద్యార్థులను సంస్కరించడంలో ఆయన పద్ధతి వేరు. కొందరు బాలురు మట్టిబూట్లతో తరగతులకు వస్తున్నారని తెలిసి, మందలింపులు పనిచేయక, ఒకనాడు తానే పాలిషు, బ్రష్షు తీసుకొని ద్వారం వద్ద కూర్చున్నారని జామియావారు చెప్పుకొనే కథ. షేఖుల్ జామియా తమ బూట్లు తుడవబోతుంటే ఏ విద్యార్థి సహిస్తాడు? మరునాటినుండి మట్టిబూట్లు కనబడలేదు. ఇటావా ప్రధానోపాధ్యాయుని బోధనాపద్ధతి ఈ కథలో మాకు కనబడుతున్నది. నోటితో చెప్పేదానిని చేతితో చేసి చూపడమే ఆయన కూడ అనుసరించిన మార్గం.

ఈ సందర్భంలో గెర్డా ఫిలిప్స్‌బోర్న్‌ను విస్మరింపరాదు. బెర్లినులో ఈ మిత్రత్రయంతో పరిచయమైన యూదు వనిత ఆమె. హిట్లరు రాజ్యం వచ్చేనాటికి స్వదేశం విడిచి వచ్చి జామియాలో చిన్నపిల్లలకు ఉపాధ్యాయిని అయ్యారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అనేవారు. 1943లో ఆమె మరణించారు. జామియా వారి స్మశానవాటికలోనే ఆమెను ఖననం చేశారు.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యామహాసభ పిమ్మట ప్రాథమిక విద్యాప్రణాళిక రచనకు నియమించిన సంఘానికి గాంధీజీ కోరికపై జాకిర్ హుస్సేన్ అధ్యక్షులయ్యారు. చేతివృత్తి ద్వారా విద్య అన్న ఆ పథకం బేసిక్ విద్య అనే పేరుతో మన తెలుగునాట కూడ కొంతకాలం నడచింది. అది నిలువకపోవడానికి కారణాలు వేరే వ్యాసానికి వదలుతున్నాము.

1946 నవంబరులో జామియా రజతోత్సవాలు జరిగాయి. దేశంలో మతకల్లోలాలు చెలరేగుతున్నాయి. ఎడమొగం పెడమొగంగా ఉన్న నాయకులు, నెహ్రూ, ఆజాద్, జిన్నా, లియాఖత్ అలీ ఖాన్, అందరినీ ఆయన ఒకే వేదికపై కూర్చుండబెట్టారు. జామియా బీదరికాన్ని ఏకరువు పెట్టి ధనం అర్థింపవలసిన సమయంలో ఆయన నిధులు అడుగలేదు. దేశంలో అంటుకొన్న ద్వేషాగ్నిని ఆర్పవలసినదిగా ఆ నాయకులను అర్థించారు. పసిపిల్లలు చంపబడుతున్న దేశంలో విద్యకు అర్థం లేదని ఆవేదనతో చెప్పారు. ఆ ప్రార్థన ఫలింపలేదు. మరుసటి సంవత్సరం ఆ మంట ఆయననే తాకింది. 1947లో కాశ్మీరుకు ప్రయాణిస్తూ ఉండగా జలంధర్ స్టేషనులో అల్లరిమూకలు ఆయనను చుట్టుముట్టాయి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి పూనుకొని ఆయన ప్రాణాలు కాపాడారు. కరోల్ బాగ్‌లోని జామియా ప్రచురణశాల మక్తబా అగ్నికి ఆహుతి అయింది. అయినా ఆయన దేశం విడువలేదు, ఎవరినీ దూషింపనూ లేదు. మరల ఢిల్లీ చేరి నిరాశ్రయుల సేవలో నిమగ్నులయ్యారు.

ఇక 1948. మేము మొదట చెప్పిన ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరుకుతుంది. దేశవిభజన తరువాత అలీగఢ్ విశ్వవిద్యాలయం అత్యంత దీనస్థితిలో ఉంది. పాకిస్తాను ఉద్యమానికి అది కేంద్రమైనదన్న కారణాన ప్రభుత్వంలో, ప్రజలలో దానిపై అనుమానం. ఆచార్యులు అనేకులు, విద్యార్థులు అనేకులు సరిహద్దు దాటి వెళ్ళిపోయారు. మిగిలినవారు భయభ్రాంతులై ఉన్నారు. అసలు ఆ సంస్థ బ్రతుకుతుందా అన్న సందేహం అందరిలోనూ ఉంది. విద్యామంత్రి మౌలానా ఆజాద్ దృష్టి జాకిర్ హుస్సేన్‌పై పడింది. ఇరువది ఎనిమిదేండ్ల క్రితం ఆ ద్వారంగుండా బయటికి నడచిన విద్యార్థిని ఉపకులపతిగా రమ్మని పిలిచారు. జామియాలో ఆయన పట్టిన ఇరువదేండ్ల ప్రతిజ్ఞ కూడ ఆ సంవత్సరానికే నిండింది.

ఆయన వెళ్ళకపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కారు. 1920లో తన మాట వినని సంస్థ తరువాత తన సిద్ధాంతాలకు వ్యతిరేకమైన మార్గం పట్టి, ఆ ఫలితం అనుభవిస్తున్నది; తనది తానే దిద్దుకొనీ అని ఊరుకొనవచ్చు. ఆరోగ్యం కూడ సరిగా లేదు. కాని ఆయన వెళ్ళారు. వెళ్ళి, లోగడ ఎవరు ఏ పక్షంలో ఉన్నారని విచారింపలేదు. ఉన్నవారికి ధైర్యం చెప్పి, వెళ్ళిపోయినవారి స్థానాలలో యోగ్యులైన అధ్యాపకులను ఎక్కడెక్కడి నుండో తెచ్చి నియమించారు. ఢిల్లీ ప్రభుత్వానికి విశ్వవిద్యాలయంపై, విశ్వవిద్యాలయానికి దేశంపై మరల విశ్వాసం కలిగించారు. దుమ్ము రేగే ఆవరణలో గులాబీలు నాటించారు, తోటలు వేయించారు. పనిభారం ఎక్కువై గుండెజబ్బు వచ్చినా పని విడువలేదు. ఎనిమిది సంవత్సరాలు పనిచేసి 1956లో ఆయన పదవి విరమించేనాటికి అలీగఢ్ మరల విశ్వవిద్యాలయంలా ఉంది. నేడు లోకమంతటా చెదరి ఉన్న అలీగఢ్ పట్టభద్రులు తమ సంస్థ నిలిచినందుకు ఎందరెందరికో కృతజ్ఞులు. ఆ జాబితాలో ఒకనాడు దానిని విడిచి వెళ్ళిన ఈ విద్యార్థి పేరు ముందుగా ఉండవలసినదే.

తరువాతి పదవులను వేగంగా చెప్పి ముగిస్తాము. 1957 నుండి 1962 వరకు బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు ప్రధాన ప్రత్యర్థి మన తెలుగువారే. రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావు గారు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా ఇచ్చి ప్రతిపక్షాల అభ్యర్థిగా నిలిచారు. హైదరాబాదులో పుట్టినవారికీ రాజమహేంద్రవరం వారికీ జరిగిన ఆ పోటీలో జాకిర్ హుస్సేన్‌కు 4,71,244 ఓట్ల విలువ, సుబ్బారావు గారికి 3,63,971 లభించాయి. మే 13వ తేదీన జాకిర్ హుస్సేన్ రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. ఈ దేశానికి మొదటి ముస్లిం రాష్ట్రపతి అని పత్రికలు వ్రాశాయి. అది నిజమే, ఒక పాఠశాల ఉపాధ్యాయుడు రాష్ట్రపతి అయ్యాడన్నది కూడ అంతే నిజం. రాష్ట్రపతి భవనంలో కూడ ఆయన గులాబీలు పెంచారు, వింతరాళ్ళూ శిలాజాలూ సేకరించారు, పుస్తకాలు చదువుకొన్నారు.

1969 మే 3వ తేదీన గుండె ఆగి ఆయన హఠాత్తుగా పరమపదించారు. పదవిలో ఉండగా మరణించిన మొదటి రాష్ట్రపతి ఆయనే. ఉపరాష్ట్రపతిగా ఉన్న తెలుగు ప్రముఖులు వి.వి. గిరి గారు ఆనాడే తాత్కాలిక రాష్ట్రపతిగా బాధ్యతలు స్వీకరించారు.

ఆయన భౌతికకాయాన్ని ఓఖ్లాకు, జామియా ఆవరణకు తీసుకొనిపోయి అక్కడ సమాధి చేశారు. అద్దె ఇళ్ళలో పుట్టి, రెండు పర్యాయాలు మూతబడబోయి తప్పిన ఆ సంస్థ 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. 2020లో నూరేండ్లు నింపుకొన్నది. ఆయన సమాధి అక్కడి మసీదుకూ గ్రంథాలయానికీ సమీపంలో ఉంది. ఆ గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టారు. పరీక్షల రోజులలో పిల్లలు పుస్తకాలు చేతబట్టుకొని ఆ ప్రక్కగానే నడచి వెళుతుంటారు.